యాభై ఓట్లు ఎక్కువ

యాభై, గుండ్రంగా యాభై, కనీసం నలభై ఏడో యాభై మూడో అయ్యుంటే మనసుకి ఏదో ఒక సందు దొరికేది, ఎవరో తడబడి బటను రెండుసార్లు నొక్కారనో రిజిస్టరులో రెండు పేజీలు అతుక్కుపోయాయనో సర్దిచెప్పుకునేది, కానీ యంత్రం చేసే తప్పు అంత గుండ్రంగా ఉండదు, పాడైపోయిన కాటా ఎప్పుడూ కచ్చితంగా వంద గ్రాములు ఎక్కువ చూపించదు, తొంభై మూడు చూపిస్తుంది, నూట నాలుగు చూపిస్తుంది, గుండ్రటి అంకె కనిపించిందంటే దాని వెనక మనిషి ఉన్నట్టే, ఇరవై రెండేళ్ళుగా దుకాణాల్లో కాటాలు తనిఖీ చేస్తున్న తూనికల ఇన్‌స్పెక్టరుకి ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా, అనుకుంటూ ఆవిడ ఎన్నికల కార్యాలయం వరండాలో విచారణకి పిలుపు కోసం ఇనుప బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న టైపు కాగితాన్ని మూడోసారి చదివింది, మిషనులో ఏడువందల నలభై రెండు ఓట్లు, రిజిస్టరులో ఆరువందల తొంభై రెండు పేర్లు, ఈ తేడాకి కారణం రిజిస్టరు రాసిన ఉద్యోగి యాభై మంది పేర్లు ఎక్కించకుండా వదిలేయడమేనని ఆ బూత్‌కి అధికారిగా ఉన్న నేను ధ్రువీకరిస్తున్నాను, అని రాసి ఉంది, కింద ఆవిడ పేరు, పేరు పైన ఖాళీ, ఆ ఖాళీ పక్కన పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు, చిన్నపిల్లకి చూపించినట్టు, ఇదిగో అమ్మాయ్ ఇక్కడ గీకు అని.

బెంచీ రెండో చివర ఆ రిజిస్టరు రాసినాయనే కూర్చున్నాడు, పశువుల ఆసుపత్రి కంపౌండరు, అయిదు నెలల్లో రిటైరవుతాడు, ఎన్నికల డ్యూటీ పడిందని ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు, ఇప్పుడు అదే చొక్కా నలిగి వేలాడుతోంది, కాగితంలో ఏముందో ఆయనకి ఎవరూ చెప్పలేదు కానీ ముఖం చూస్తే తెలిసిపోయినట్టే ఉంది, అమ్మా, నేను ఒక్క పేరు వదల్లేదమ్మా, అన్నాడు ఇందాక, గొడ్లకి సూదులేసేటప్పుడు దేనికి వేశామో దేనికి వెయ్యలేదో రాసుకోకపోతే వేసినదానికే మళ్ళీ పొడుస్తాం, ముప్పై నాలుగేళ్ళ అలవాటమ్మా, నా చెయ్యి ఊరుకోదు, అన్నాడు, ఆవిడకి తెలుసు, ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నం కూడా ఎడంచేత్తో రిజిస్టరు పట్టుకునే తిన్నాడు, తెలుసండీ, మీరు వదల్లేదు, అని చెప్పింది, ఆ తర్వాతి మాట నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది, మీరు వదల్లేదు, వదిలింది నేను, అనాలి, తొమ్మిది రోజులుగా ఆ ఒక్క మాట ఈయనతో అనలేకపోతోంది.

బడిలో నాలుగో తరగతి గది, గోడ మీద ఎక్కాలు, ఉదయం ఆరింటికి అసలు ఓటింగ్ మొదలవకముందు ఉత్తుత్తి ఓట్లు యాభై వేసి చూపించాలి, ఎటు నొక్కితే అటే పడుతోందని రెండు పక్షాల ఏజెంట్లకీ కళ్ళారా చూపించాలి, అది నియమం, బరిలో ఉన్నది ఇద్దరే, గొడుగు గుర్తొకటి, తాళంచెవి గుర్తొకటి, తాళంచెవి ఏజెంటు స్కూటరు పంక్చరై ఆలస్యంగా వచ్చాడు, గొడుగు ఏజెంటు ఆ వీధి చివరి దర్జీ, ఉత్తుత్తివేగా మేడమ్, కొత్త బటన్లు కుట్టినంత హాయిగా ఉంది, అంటూ తన గొడుగునే ముప్పై ఆరుసార్లు నొక్కేశాడు, మిగతా పద్నాలుగు తాళంచెవికి, నొక్కినప్పుడల్లా అద్దం వెనక ఒక చీటీ కనిపించి కింది పెట్టెలో రాలింది, ఆ చీటీలు బయటికి తీసి లెక్కపెట్టారు, సరిపోయాయి, నల్ల కవర్లో పెట్టి అంటించి, అప్పటికి వచ్చిన తాళంచెవి ఏజెంటుతో కలిపి ముగ్గురూ సంతకాలు చేశారు, ఇంక మిగిలింది ఒక్కటే, మిషను లోపలి లెక్కని తుడిచేసి సున్నా చూపించడం, సరిగ్గా అప్పుడు బల్ల ఊగింది, ఒక కాలు పొట్టి, కాటా పెట్టే బల్ల ఊగితే ఆవిడకి ఒళ్ళు మండుతుంది, వాలుగా ఉన్న బల్ల మీద ఏ తూకమూ తూకం కాదు, అందుకని కింద కూర్చుని అట్టముక్క మడిచి ఆ కాలి కింద పెట్టింది, లేచి చేత్తో నొక్కి చూసింది, ఇప్పుడు బాగుంది, అనుకుంది, బయట లైనులో వాళ్ళు తలుపు తడుతున్నారు, టైమైందమ్మా అన్నాడు కంపౌండరు, ఆవిడ మిషనుకి సీలు వేసింది, తుడిచేశాను అని అచ్చువేసిన కాగితం మీద, పదకొండు కాగితాల్లో ఒకటిగా, చూడకుండా సంతకం పెట్టేసింది, బల్ల సరిచేసింది, సున్నా మరిచిపోయింది, ఎవరు, ఊళ్ళో ప్రతి కిరాణా కొట్టువాడూ సున్నా మేడమ్ అని పేరు పెట్టిన మనిషి, కొట్లో అడుగు పెట్టగానే ముందు సున్నా చూపించు, ఆ తర్వాతే మాట్లాడు, అని గద్దించే మనిషి, సాయంత్రం మొత్తం ఎన్ని పడ్డాయో చూపించే బటను నొక్కినా అప్పుడే దొరికిపోయేది, నొక్కలేదు, వ్యానువాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొడుతుంటే రిజిస్టరులో ఆఖరి నంబరు చదవమని, అదే ఫారంలో రాసి సంచీలు కట్టేసింది.

లెక్కింపు రోజు నుంచి తొమ్మిది రోజులు, అబ్బ, ఏం తొమ్మిది రోజులు, ఓట్ల లెక్కింపులో గొడుగుకి పంతొమ్మిది ఓట్ల ఆధిక్యం వచ్చింది, ఆవిడ బూత్‌లో యాభై ఓట్లు ఎక్కువున్నాయని తేలేసరికి ఫలితం ఆపేశారు, టీవీలో ఒకడు మిషనులోకి ఆకాశం నుంచి సంకేతాలు పంపారన్నాడు, ఇంకొకడు ప్రపంచంలో ఇంతకన్నా పకడ్బందీ యంత్రం లేదని బల్ల గుద్దాడు, ఆ ఇద్దరిలో ఒక్కడూ మిషనుని ఎప్పుడూ ముట్టుకున్న వాడు కాడు, వీధిలో రాళ్ళు పడ్డాయి, మందుల షాపు అద్దం పగిలింది, ఆవిడకి అప్పటికే అర్థమైపోయింది, లెక్కింపు రోజునే యాభై అనగానే నల్ల కవరు గుర్తొచ్చింది, మర్నాడు పొద్దున్నే వచ్చి ఇక్కడి సూపరింటెండెంటుకి ఉన్నదున్నట్టు చెప్పింది, ఆయన లేచి తలుపు మూసి వచ్చి, ఈ మాట నాతో అన్నారు సరే, ఇంకెవరితోనూ అనకండి, అన్నాడు, ఈ కాగితం తయారుచేసింది కూడా ఆయనే, పేర్లు రాయడం మరిచిపోవడం చిన్న తప్పండీ, ఓ హెచ్చరికతో పోతుంది, మీరు సున్నా చెయ్యలేదంటే ఆ చీటీల పెట్టె తెరవాలి, ఒక పెట్టె తెరిస్తే రేపు ఊరంతా ప్రతి పెట్టెనీ తెరవమంటారు, మిషను మీద జనానికి నమ్మకం పోతుంది, ఆలోచించండి, అన్నాడు, నమ్మకం పోతుందట, మూసి ఉంచితే నిలబడేదీ తెరిస్తే పోయేదీ నమ్మకం ఎలా అవుతుంది, అది భయం కదా, అయితే తాళంచెవి వాళ్ళ లాయరు మాత్రం తక్కువ తిన్నాడా, ఇందాకే వరండాలో పక్కకి పిలిచి, అక్కగారూ, మిషను దానంతటదే యాభై పెంచేసిందని ఒక్క ముక్క చెప్పండి, మీ మీద ఈగ వాలనివ్వం, అన్నాడు, అక్కగారట, ఎప్పటి తమ్ముడో, అది దానంతటదే ఏమీ పెంచలేదండీ, అంటే, మీకేం తెలుసు, మీరేమన్నా ఇంజినీరా, అని గుర్రుమన్నాడు, ఒకడికి మిషను దేవుడు, ఇంకొకడికి దయ్యం, ఇద్దరికీ ఆవిడ అబద్ధమే కావాలి, విచిత్రం ఏమిటంటే ఆ రెండు అబద్ధాల్లో ఏది చెప్పినా ఆవిడ ఉద్యోగం భద్రం, నిజం చెబితేనే పోతుంది.

ఈ పొద్దున ఇంట్లో అత్తగారు టీ గ్లాసు ఠక్కున పెట్టి, ఇవాళ విచారణలో యాభై ఓట్లు కొట్టేస్తారటగా, అయితే మా గొడుగుని నువ్వే ముంచుతావన్నమాట, అంది, అత్తగారు గొడుగుకి వీరాభిమాని, మోకాళ్ళ నొప్పులతో ఎండలో గంట నిలబడి ఓటేసి వచ్చింది, అద్దంలో చీటీ పడేదాకా కదలనని మొండికేసి వెనకున్నవాళ్ళ చేత తిట్లు తిన్నది కూడా, నా ఓటు బూడిదలో పోస్తావుటే, అని అడిగితే, మీ ఓటు ఎక్కడికీ పోదత్తయ్యా, అది పెట్టెలో చీటీగా భద్రంగా ఉంది, పోయేవి ఎవరూ వెయ్యని ఓట్లు, అంది ఆవిడ, ఎవరూ వెయ్యకుండా ఎలా పడతాయే, అంటే, దర్జీ ఉత్తుత్తిగా వేసినవి, నేను తుడవడం మరిచిపోయాను, అని చెప్పేసింది, ఇంట్లో మొదటిసారి, బస్సు డ్యూటీకి బూట్లు వేసుకుంటున్న వాళ్ళాయన లేస్ కట్టడం ఆపి తలెత్తాడు, సస్పెండ్ చేస్తారా, అన్నాడు, చేస్తారు, కేసు కూడా పెట్టొచ్చు, అంది, ఆయన రెండో బూటు వేసుకుని, ఆ కంపౌండరు మీదకి తోస్తే మాత్రం నువ్వు ఇంట్లో అన్నం తినలేవు, నాకు తెలుసు, మనశ్శాంతిగా ఉండేది చెయ్యి, అనేసి వెళ్ళిపోయాడు, ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అంత పొడుగు వాక్యం చెప్పడం అదే, అత్తగారు మాత్రం ముఖం తిప్పుకుని, అటు తిరిగే, తప్పు చేసినదానివి ఒప్పుకునేటప్పుడు గొణగకు, గట్టిగా చెప్పు, గొణిగితే దొంగలా ఉంటుంది, అంది, అది ఆశీర్వాదమో శాపమో ఇప్పటికీ తేలలేదు.

జవాను తలుపు తీసి పిలిచాడు, లోపల పొడుగాటి బల్ల, ఆ చివర ఎన్నికల అధికారి, ఇటు గొడుగు లాయరు, పక్కన దర్జీ, అటు తాళంచెవి లాయరు, మధ్యలో సీళ్ళతో మిషను, చీటీల పెట్టె, నల్ల కవరు, గోడకి కెమెరా, ఇంత చిన్న పెట్టెలకా ఊళ్ళో అద్దాలు పగిలింది, సూపరింటెండెంటు ఆవిడ చేతిలో కాగితం వంకా, సంతకం లేని ఖాళీ వంకా చూసి కనుబొమ్మలు ఎత్తాడు, ఇది మీ వాంగ్మూలమేనా అని అధికారి అడిగాడు, కాదు సార్, ఇది నాకు ఇచ్చింది, నేను రాసింది కాదు, అంటూ దాన్ని బల్ల మీద పెట్టి ముందుకి తోసింది, కంపౌండరుగారు ఒక్క పేరూ వదల్లేదు సార్, మిషను ఒక్క ఓటూ పెంచలేదు, ఉదయం వేసిన ఉత్తుత్తి ఓట్లు యాభై నేను తుడిచెయ్యలేదు, తుడిచేశానని చూడకుండా సంతకం పెట్టాను, తప్పు నాది, అంది, గట్టిగానే అంది, ఎంత గట్టిగానంటే వరండాలో బెంచీ జరిగిన చప్పుడైంది, అంతే, గదిలో తేనెపట్టు కదిలింది, మీకు ఈ మాటలు ఎవరు నేర్పారు అని గొడుగు లాయరు లేచాడు, మిషను తప్పు లేదని ఎలా చెబుతారు అని తాళంచెవి లాయరు లేచాడు, ఇద్దరూ ఒకేసారి ఆవిడ మీదకే, తొమ్మిది రోజుల తర్వాత వాళ్ళిద్దరూ ఒక్క మాట మీదకి వచ్చింది ఇప్పుడే, ఆ సంగతి తట్టి ఆవిడకి నవ్వొచ్చింది, పెదవి కొరుక్కుంది, అధికారి చెయ్యెత్తి అందర్నీ ఆపి, మీరేం అంటున్నారో తెలుస్తోందా, ఇప్పుడే సస్పెండ్ చెయ్యాల్సి వస్తుంది, అన్నాడు, తెలుసు సార్, చెయ్యండి, కానీ నా మాట మీద ఏదీ తేల్చకండి, ఉత్తుత్తి చీటీలు యాభై ఈ నల్ల కవర్లో ఉన్నాయి, అసలు ఓట్ల చీటీలు ఆరువందల తొంభై రెండు ఆ పెట్టెలో ఉండాలి, అందరి ముందూ తెరిచి లెక్కపెట్టండి, ఒక్కటి తక్కువైనా నన్ను జైల్లో పెట్టండి, అంది, తెరవడం మంచిది కాదు సార్, రేపు అందరూ, అని సూపరింటెండెంటు మొదలుపెట్టాడు, అడిగితే తెరుద్దాం సార్, తెరవడానికి కాకపోతే ఆ చీటీలు ఎందుకు దాచినట్టు, పచ్చడి పెట్టుకోవడానికా, అని ఆవిడ నోరు జారింది, అధికారి పెదాల మీద ఏదో కదిలి మాయమైంది, కాసేపు మిషను వంక చూసి, కత్తెర తెండి, అన్నాడు.

వేలెడంత చీటీలు, గుమాస్తా ఒక్కొక్కటీ ఎత్తి రెండు పక్కలా చూపించి పెడుతున్నాడు, ఇరవై అయిదుకో కట్ట, రబ్బరు బ్యాండు చప్పుడు, ఆవిడకి నిలబడ్డ కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, కూర్చోమని ఎవరూ అనలేదు, తను అడగదు, ఎనిమిదో కట్ట, తొమ్మిదో కట్ట, ఇన్నేసి మంది, ఆ రోజు లైనులో పాపని చంకనేసుకుని వచ్చిన అమ్మాయి, బటను ఎక్కడుందో కనపడక తడుముకున్న ముసలాయన, ఓటేసి బయటికెళ్ళి మళ్ళీ వచ్చి నా గొడుగు ఇక్కడ మరిచిపోయానండీ, నిజం గొడుగు, అని గదంతా నవ్వించిన ఆయన, వాళ్ళందరూ ఒక్కో చీటీగా ఈ బల్ల మీదకి వస్తున్నారు, పదిహేనో కట్ట, ఒకవేళ తనే పొరబడి ఉంటే, ఒకవేళ నిజంగానే ఏదో జరిగి ఉంటే, ఆరువందల పది వస్తే, ఏడువందలొస్తే, అప్పుడేమంటుంది, అప్పుడూ ఇదే అంటుంది, ఎంతొస్తే అంతని రాయండి అంటుంది, తనకి కావలసిన అంకె వస్తేనే లెక్క ఒప్పుకుంటే తనకీ టీవీలో బల్ల గుద్దినవాడికీ తేడా ఏముంది, ఇరవై ఏడు కట్టలు, పైన విడిగా పదహారు, గుమాస్తా కాగితం మీద రాసి, ఆరువందల తొంభై ఒకటి సార్, అన్నాడు, ఒకటి తక్కువ, గొడుగు లాయరు కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు, సూపరింటెండెంటు చూడండి అన్నట్టు నిట్టూర్చాడు, ఆవిడకి మాత్రం వెనక్కి తగ్గాలనిపించలేదు, మళ్ళీ లెక్కపెట్టండి, అంది, ఎన్నిసార్లమ్మా, అన్నాడు గుమాస్తా, సరిపోయేదాకా కాదండీ, మీ ఇద్దరికీ అనుమానం తీరేదాకా, అంది లాయర్లని చూపించి, కట్టలు విప్పారు, పద్నాలుగో కట్ట దగ్గర గుమాస్తా వేలు తడిచేసుకుని ఆగాడు, రెండు చీటీలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, విడదీశాడు, అందరికీ చూపించాడు, ఆరువందల తొంభై రెండు, ఆ తర్వాత నల్ల కవరు, దర్జీ తన సంతకం తనే గుర్తుపట్టాడు, ముప్పై ఆరు గొడుగులు, పద్నాలుగు తాళంచెవులు, అధికారి తీసివేత చేశాడు, రెండుసార్లు చేశాడు, గొడుగు ఆధిక్యం పోయింది, తాళంచెవి మూడు ఓట్లతో గెలిచింది.

అప్పుడు చూడాలి తమాషా, తొమ్మిది రోజులు మిషనుని దయ్యమన్న తాళంచెవి లాయరు దాన్ని పెంపుడు కుక్కని తట్టినట్టు తట్టి, వ్యవస్థ పటిష్ఠంగా ఉందని మొదటినుంచీ అంటూనే ఉన్నాం, అన్నాడు, అదే మిషను మీద టీవీలో ప్రమాణాలు చేసిన గొడుగు లాయరు ఫోనులో, మొత్తం మోసం, యంత్రాల్నే నిషేధించాలి, అని అరుస్తూ బయటికి నడిచాడు, ఇంత తొందరగా చొక్కాలు మార్చుకోవడం దర్జీకి కూడా చేతకాదు, ఆవిడకి సస్పెన్షన్ ఆర్డరు చేతికిచ్చారు, తీసుకున్నట్టు సంతకం పెట్టమన్నారు, ఈసారి పైనుంచి కిందిదాకా ప్రతి అక్షరం చదివి, తేదీ తప్పుంటే దిద్దించి, అప్పుడు పెట్టింది, సూపరింటెండెంటు నేల చూపులు చూశాడు, వరండాలో కంపౌండరు లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ జోడించాడు, వద్దండీ, మీకు క్షమాపణ చెప్పాల్సింది నేను, తొమ్మిది రోజులు మిమ్మల్ని నలగనిచ్చాను, అంది, మెట్ల దగ్గర గొడుగు వాళ్ళ గుంపు, ఎవరో అమ్ముడుపోయింది అన్నారు, ఎవరో సిగ్గులేదు అన్నారు, ఆవిడ మెట్లు దిగడం ఆపలేదు, దర్జీ ఎదురొచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఆ ముప్పై ఆరూ నేను సరదాకి నొక్కినవి మేడమ్, మా అభ్యర్థి నావల్ల ఓడిపోయాడంటున్నారు, మీరు నిజమే చెప్పారని నేను వీళ్ళకెలా చెప్పను, మీ మాట ఎందుకు నమ్మాలి, అన్నాడు, నమ్మొద్దు, అంది ఆవిడ వెంటనే, నమ్మమని నేను అడగలేదుగా, పెట్టె ఇంకా బల్ల మీదే ఉంది, పైకెళ్ళి ఇంకోసారి లెక్కపెట్టించుకో, వీళ్ళలో ఇద్దర్ని తీసుకెళ్ళు, ఏజెంటువి, నీకు హక్కుంది, ఎవరన్నా వద్దంటే నాకు ఫోన్ చెయ్యి, నాకిప్పుడు బోలెడు తీరిక, అంది, దర్జీ ఆవిడ ముఖంలోకి చూశాడు, ఎగతాళేమోనని వెతుక్కున్నాడు, దొరకలేదు, వెనక్కి తిరిగి ఇద్దర్ని పేరుపెట్టి పిలిచి మెట్లెక్కాడు, అరిచేవాళ్ళలో ఒక పక్క గొంతులు తగ్గాయి, ఆవిడ రోడ్డు మీదకి వచ్చింది, ప్రస్తుతానికి ఉద్యోగం లేదు, రేపు పొద్దున ఏం చెయ్యాలో తెలియదు, అయినా నడక తేలిగ్గా పడుతోంది, ఎందుకో కాసేపటికి అర్థమైంది, ఈ తొమ్మిది రోజుల్లో సూపరింటెండెంటు మిషనుని నమ్మండన్నాడు, లాయర్లు మమ్మల్ని నమ్మండన్నారు, టీవీవాళ్ళు ఎవర్నీ నమ్మకండి మమ్మల్ని తప్ప అన్నారు, అందరూ నమ్మమని అడిగినవాళ్ళే, చూసుకో అన్నది మాత్రం తనొక్కతే, తప్పు చేసిన మనిషై ఉండి కూడా, ఇంక ఎవరేమన్నా ఆ ఒక్కమాట మీదే నిలబడుతుంది.